రిమ్మా నోటి పుస్తకాలు

రిమ్మాకి పిచ్చి అని నేను మొదట్లో అనుకోలేదు. ఒట్టి సోమరిపోతు అనుకున్నాను. ఆరు కుటుంబాలకు ఒకటే వంటిల్లు మాది. పొయ్యి మీద పాలు పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేది. పాలు పొంగేవి, మంట ఆరేది, ఇల్లంతా గ్యాసు వాసన. "ఎక్కడున్నావే తల్లీ!" అని నేను కేకేస్తే, "కొంచెం దూరంలో ఉన్నాను పిన్నీ, వచ్చేస్తున్నా" అనేది. ఆ కొంచెం దూరం ఏదో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహమని తర్వాత తెలిసింది. గ్రహాల మీద ఉన్నవాళ్ళకేం, పొయ్యి తుడిచేది నేను కదా!

నా పేరు తాయిసా. అందరికీ తాస్యా పిన్నిని. టెలిఫోన్ ఫ్యాక్టరీ వాళ్ళ సాంస్కృతిక భవనంలో కింద కోట్ల గది నాది. వచ్చినవాళ్ళ కోటు తీసుకుని బిళ్ళ ఇస్తాను, పోయేటప్పుడు బిళ్ళ తీసుకుని కోటు ఇస్తాను. ఆ పైఅంతస్తులోనే ప్రతి గురువారం సాయంత్రం రిమ్మా వాళ్ళ క్లబ్బు జరిగేది. సైన్సు కథల అభిమానుల క్లబ్బు. ఇంజనీర్లు, పంతుళ్ళు, ఒక పళ్ళ డాక్టరు, ఇద్దరు ట్రాము డ్రైవర్లు. అందరూ పెద్దవాళ్ళే, పెళ్ళిళ్ళయినవాళ్ళే. మెట్లెక్కుతూ చిన్నపిల్లల్లా తోసుకునేవాళ్ళు. "మెల్లగా ఎక్కండర్రా, మీ రాకెట్టు వెళ్ళిపోదులే!" అని నేను కింద నుంచి అరిచేదాన్ని.

రిమ్మా తండ్రి కామా నదిలో దుంగలు తేలగట్టి తోలేవాడు. దీనికి ఎనిమిదో ఏట తుంటి ఎముకకి క్షయ పట్టింది. ఊరి బయట పిల్లల ఆస్పత్రిలో నడుం నుంచి కాలిదాకా పట్టీ వేసి రెండు చలికాలాలు పడుకోబెట్టారు. అక్కడ నర్సు ఒకావిడ అంగారకుడికి వెళ్ళే కథ ఒకటి చదివి వినిపించి, పుస్తకం తీసుకుని ఇంకో వార్డుకి బదిలీ అయిపోయిందట. పుస్తకం పోయింది, పిల్లలు ఏడుపు. అప్పుడు రిమ్మా పడుకున్న చోటినుంచే కథంతా మళ్ళీ చెప్పింది. మర్నాడూ చెప్పింది. రోజూ చెప్పమనేవారు. ఒక్క మాట మారితే పక్క మంచం పిల్ల చెంచాతో ఇనప కమ్మీ మీద కొట్టి "తప్పు!" అని అరిచేదట. ఇది వెనక్కి వెళ్ళి దిద్దుకుని చెప్పాలి. ఆ ఆస్పత్రినుంచి రిమ్మా తెచ్చుకున్నవి రెండు: ఒక కుంటికాలు, ఈ అలవాటు.

పెద్దయ్యాక నీటి సరఫరా కేంద్రంలో ప్రయోగశాలలో చేరింది. నదినీళ్ళు సీసాల్లో పట్టి పరీక్ష చేయడం. పెళ్ళి కూడా చేసుకుంది, ఆర్కాది అని ఒక ఫిట్టర్ని. ఒకరోజు అతను విసిగిపోయి, "నేను కావాలా, ఆ గ్రహాలు కావాలా? ఇప్పుడే తేల్చు" అన్నాడు. ఇది పుస్తకం లోంచి తలెత్తకుండా, "ఒక్క నిమిషం ఆర్కాషా, ఈ అధ్యాయం అయిపోనీ" అంది. అధ్యాయం అయ్యేసరికి అతను పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. గోడ పక్కనే కదా నా గది, అంతా విన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రాత్రి క్యాబేజీ పులుసు తీసుకెళ్ళి ఇస్తే, "పాపం, మంచివాడే పిన్నీ" అని రెండు గిన్నెలు తాగింది.

క్లబ్బు సంగతి చెప్పాలి. అలాంటి పుస్తకాలు దుకాణాల్లో దొరికేవి కావు. ఊరు మొత్తానికి ఒక్క పుస్తకం వస్తే మహాభాగ్యం. ఒక్కొక్కరికి ఒక్క రాత్రి, తెల్లారేసరికి పక్కవాడికి ఇచ్చెయ్యాలి. అందరికీ అందదు గనక, చదివినవాళ్ళు గురువారం నిలబడి మిగతావాళ్ళకి చెప్పాలి. దాన్ని నోటి పుస్తకం అనేవాళ్ళు. దానికి రిమ్మా పెట్టిన నియమం ఒకటుంది. సొంతమాట ఒక్కటి కలపకూడదు. చదివినవాడు ఎవడైనా అక్కడ కూర్చుని ఉండి, కథ పక్కదారి పట్టడం విని కూడా ఊరుకుంటే వాడూ దోషే. వెంటనే లేచి "తప్పు!" అని అరవాలి. మా భవనం డైరెక్టర్ కథ చెబుతున్నా సరే అరవాల్సిందే. కోట్లన్నీ తగిలించాక నేనూ పైకెళ్ళి తలుపు దగ్గర నిలబడేదాన్ని. మధ్య మధ్యలో "తప్పు!" అని ఎవరో ఒకరు లేవడం, అవతలివాడు జుట్టు పీక్కోవడం, ఎంత బాగుండేదో! అందరికంటే గట్టిగా, అందరికంటే ముందు అరిచేది రిమ్మా. ఆ మాట దాని నోట్లోంచి తుమ్ములాగా వచ్చేది. ఆపుకోవడం దానివల్ల కాదు.

ఏడాదికోసారి వేరే ఊళ్ళో అన్ని క్లబ్బులవాళ్ళూ కలుసుకునేవాళ్ళు. జీతంలేని సెలవు పెట్టి, రైల్లో రెండు రాత్రులు కూర్చుని వెళ్ళేది. బడిపిల్లల వ్యాయామశాలలో నేలమీద పడక. అట్టముక్కలతో కొమ్ములు చేసి తలకి కట్టుకున్న ముసలాళ్ళు. కాళ్ళు వాచి, గొంతు బొంగురుపోయి తిరిగొచ్చేది. "ఏముందే అక్కడ?" అంటే, "అక్కడ నన్నెవరూ కుంటిదాన్ని చూసినట్టు చూడరు పిన్నీ. రిమ్మా వచ్చింది, రిమ్మా వచ్చింది, కథ చెప్పమనండి అంటారు" అనేది. 

ఇక గేన్రిఖ్ ఒట్టోవిచ్. నది రవాణా కళాశాలలో ఇంగ్లీషు పంతులు. పొడుగ్గా, సన్నగా, ఊపిరితిత్తులు బాగాలేని మనిషి. తండ్రి జర్మన్ వంశంవాడు. ఈయన చిన్నప్పుడే ఒక రాత్రి పోలీసులు వచ్చి ఆ తండ్రిని తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. ఈయన కోటుతోపాటు ఒక చిన్న గుడ్డసంచి కూడా నా చేతికిచ్చేవాడు. ఒకసారి చూశాను. ఉన్ని మేజోళ్ళు, సబ్బు, పళ్ళపొడి, చక్కెర ముక్కలు. ఊరెళ్ళే మనిషి కాదే అనుకున్నాను, తర్వాత అర్థమైంది. ఎప్పుడు వచ్చి ఎక్కడినుంచి తీసుకెళ్ళినా సిద్ధంగా ఉండాలని, పాతికేళ్ళుగా మోస్తున్నాడు. ఆయన్ని రిమ్మా ప్రేమించింది. ఈ మాట అది ఎన్నడూ అనలేదు, నేనే అంటున్నాను. పదేళ్ళ పరిచయంలో ఇద్దరూ "మీరు, మీరు" అనుకుంటూనే గడిపారు, దద్దమ్మలు.

ఆ ఏడు చలికాలంలో క్లబ్బులోకి ఒక టైపు కాగితాల కట్ట వచ్చింది. కార్బన్ పెట్టి తీసిన నకలు. పొగలోంచి చదివినట్టుండేదట. ఇంగ్లీషు నవల, మా భాషలోకి ఎవరో మార్చారు. ఎవరు మార్చారో కట్టమీద లేదు. రిమ్మాకి మాత్రం తెలుసు, గేన్రిఖ్ అని. కథేమిటంటే, ఎక్కడో దూరపు గ్రహం మీద ఒక కాపలాదారు. రోజూ ముఖ్య కార్యాలయం నుంచి రేడియోలో ఆజ్ఞ వస్తుంది, ఇవాళ ఇది చెయ్యి అని. ఊరంతా ఆ ఆజ్ఞ ప్రకారమే బతుకుతుంది. ఒకరోజు వాడికి అనుమానం వచ్చి నడుచుకుంటూ కార్యాలయానికి బయల్దేరుతాడు. తలుపు తీస్తాడు. లోపల అందరూ ఎప్పుడో చచ్చి ఎండిపోయి ఉన్నారు, యంత్రం మాత్రం ఆజ్ఞలు పంపుతూనే ఉంది. అంతే. అక్కడితో కాగితాలు అయిపోయాయి. నావికుడెవడో అమ్మిన పుస్తకంలో చివరి పేజీలు లేవట, చుట్ట చుట్టుకుని తాగేశాడట.

దేశాన్ని ఏలే మా పెద్దలు ఒకరి తర్వాత ఒకరు చనిపోతూ, రేడియోలో విషాద సంగీతం తప్ప వేరే మోగని రోజులవి. అప్పుడు ఈ కథ! విని నేనే మెట్లు దిగి వచ్చి కోట్ల మధ్య కూర్చున్నాను.  పైన మాత్రం ఆ వెర్రివాళ్ళు గుమ్మం దాటాక కాపలాదారు ఏం చేసి ఉంటాడని నెల్లాళ్ళు కొట్టుకున్నారు.

ఒక ఆదివారం నది ఒడ్డున నడుస్తుంటే గేన్రిఖ్ రిమ్మాతో చెప్పాడట, పోలండ్ స్నేహితుడి ద్వారా తనకు పూర్తి పుస్తకం దొరికిందని. ముగింపు ఒక్క రిమ్మాకే చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆ రోజు మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చి, కుళాయి మొత్తం తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో నా చెవిలో ఊదింది. "వాడు ఆ శవాన్ని కుర్చీలోంచి మెల్లగా దించి తను కూర్చుంటాడు పిన్నీ. మర్నాటి ఆజ్ఞ తనే పంపుతాడు. ఆజ్ఞ రాకపోతే ఊరు ఏమైపోతుందోనని భయపడి." నేను కుళాయి ఇంకా తిప్పబోయాను, ఇంక తిరగలేదు. "నాకెందుకు చెప్పావే? నా నెత్తిన ఎందుకు పెట్టావు?" అని దాన్ని తిట్టాను.

వసంతంలో పైనుంచి ఏదో ఉత్తర్వు వచ్చింది. ఈ క్లబ్బులన్నిటినీ తనిఖీ చెయ్యాలని. పక్క ఊళ్ళో క్లబ్బుకి తాళం పడింది, అధ్యక్షుడి ఉద్యోగం పోయిందని కబురు. గురువారాల్లో నా కొక్కేలు ఖాళీ కావడం మొదలెట్టాయి. పళ్ళ డాక్టరు మానేశాడు. రోడ్డు మీద కనిపిస్తే అవతలి పక్కకి దాటేవాడు. అదే సమయంలో ఒక కొత్త తోలుకోటు వచ్చింది, చాలా ఖరీదైనది. ఆ మనిషి ఒక్క మాట మాట్లాడడు, మూలన కూర్చుని వింటాడు. అతనో, ఇంకెవరో, మొత్తానికి మా సంగతులు ఎవరో పైవాళ్ళకి చేరవేశారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. అదే అన్నిటికంటే భయం. పక్క గదిలో దగ్గు వినిపించినా మాట మధ్యలో ఆపేసేదాన్ని.

టైపు కట్ట ఒకటి, గేన్రిఖ్ తండ్రిని తీసుకెళ్ళిన ఆ కచేరీ వాళ్ళ చేతికి చిక్కింది. ఆ కచేరీ పేరు మా ఊళ్ళో ఎవరూ పైకి అనరు. కొండ మీద ఉండే కచేరీ అంటే చాలు, ముసలాళ్ళు కూడా గొంతు తగ్గిస్తారు. ఒక్కొక్కరినే పిలిచి అడుగుతున్నారట. తిరిగొచ్చినవాళ్ళు ఏమీ చెప్పరు. ఒక ట్రాము డ్రైవరు మాత్రం కోటు తీసుకుంటూ నా వేళ్ళు గట్టిగా నొక్కి గొణిగాడు. "వాళ్ళకి చదివినవాళ్ళు అక్కర్లేదు పిన్నీ. తర్జుమా చేసినవాడు కావాలి. అసలు పుస్తకం వాడి దగ్గరే ఉంటుందిట. దొరికితే ఏళ్ళకి ఏళ్ళు లోపలే."

నేను పరుగున ఇంటికెళ్ళి కుళాయి తిప్పి రిమ్మాతో అన్నాను. "ఒసేయ్, ఆ ముగింపు తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఎందరు?"

"ఆయనా, నేనూ. ఇప్పుడు నువ్వు."

"అయితే విను. నీకు తెలుసని వాళ్ళకి తెలిస్తే, ఎవరు చెప్పారని అడుగుతారు. ఆయన ఊపిరితిత్తులతో ఖైదీల శిబిరం చలిలో ఒక్క ఏడాది బతకడు. నోటికి తాళం వేసుకో."

"వేసుకుంటాను పిన్నీ" అంది.  పళ్ళెంలో గోధుమ జావ పెట్టుకుని ఒక్క చెంచా తినలేదు.

శుక్రవారం మధ్యాహ్నం రిమ్మా పనిలో ఉండగా కచేరీ నుంచి ఫోన్ వచ్చింది. పెద్ద విషయమేమీ కాదు, కాసేపు మాట్లాడదాం రమ్మన్నారట. నేను తోడు వెళ్ళాను. వీధి మలుపు దాటి నేను వెళ్ళలేకపోయాను. అక్కడి రొట్టెల దుకాణం వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది, రొట్టె తీసుకున్నాను, మళ్ళీ వెళ్ళి చివర నిలబడ్డాను. అలా రొట్టె మీద రొట్టె కొంటూనే ఉన్నాను. వెనకావిడ, "ఏమ్మా, ఇంట్లో పెళ్ళా?" అంది. "దినం" అన్నాను.  ఎందుకన్నానో నాకే తెలియదు, అనేశాక ఏడుపొచ్చింది.

రిమ్మా బయటికి వచ్చేసరికి పెదాలకు రంగు లేదు. ఇంటికొచ్చి కుళాయి తిప్పాక గురువారాల్లో చెప్పినట్టే వరసగా, ఒక్క మాట కలపకుండా మొత్తం చెప్పింది. చేతులు మాత్రం బల్ల అంచుని వదల్లేదు.

ఆ అధికారి వలేరియన్ పావ్లోవిచ్ అట. ఊలు స్వెట్టరు వేసుకుని పంతులులా ఉన్నాడట. గాజు గ్లాసులో టీ పోసి, బిస్కట్లు పెట్టాడు. ఎవరి పేరూ అడగలేదు. "నాకూ ఈ కథలంటే ప్రాణం రిమ్మా వసీల్యెవ్నా. మా ఆవిడ తిడుతుంది, అయినా మానను" అన్నాడు, తండ్రి పేరు కలిపి మర్యాదగా పిలుస్తూ. రిమ్మా వేలు కూడా కదపకుండా కూర్చుంది. "ఈ మధ్య భలే కథ ఒకటి చదివాను. మీకు చెప్తాను వినండి" అని కాపలాదారు కథ మొదలెట్టాడు.

"ఎంత బాగా చెప్పాడో పిన్నీ!" అంది నాతో. ఆ భయంలో కూడా అదీ మాట! "నడక, మంచు, ఆ తలుపు చప్పుడు, ఒక్కటి వదల్లేదు. నేను మెల్లగా భయం మర్చిపోయాను."

అలా చెప్పుకుంటూ వచ్చి, "అప్పుడు మన కాపలాదారు గొడ్డలి తీసుకుని ఆ యంత్రాన్ని ముక్కలు ముక్కలు చేస్తాడు. ఊళ్ళోవాళ్ళంతా పాటలు పాడుతూ వీధుల్లోకి వస్తారు. కథ అయిపోయింది" అన్నాడు.

"తప్పు!" అంది రిమ్మా.

నా చేతిలో గరిటె కింద పడింది. "ఓరి నీ నోరు పడిపోను! అన్నావా? అనేశావా?"

"అనేశాను పిన్నీ. గట్టిగా అన్నాను. లేచి నిలబడి అన్నాను."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. వాడు వల వేసిందే దానికోసం. వీళ్ళ నియమం తెలుసుకునే వచ్చాడు. ఈ వెర్రిపిల్ల కథ తప్పితే ఊరుకోలేదని తెలుసుకునే వచ్చాడు.

ఆ మాట వినగానే వాడు బిస్కట్టు పళ్ళెం దీని వైపు జరిపి, మెత్తగా, "మరి ఒప్పు ఏమిటి రిమ్మా వసీల్యెవ్నా?" అన్నాడు.

"నాకు తెలియదు."

"తెలియనివాళ్ళు 'అలా ఉండకపోవచ్చు' అంటారు. మీరు 'తప్పు' అన్నారు. ఎవరి దగ్గర విన్నారు?"

రిమ్మాకి ఆ క్షణంలో కళ్ళముందు గేన్రిఖ్ గుడ్డసంచి కనిపించిందట. "ఎవరి దగ్గరా వినలేదు. నేనే అల్లుకున్నాను" అంది.

"మీ క్లబ్బులో సొంతమాట కలపకూడదని నియమం కదా? మీరే పెట్టారట."

"అందుకే ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే పరువు పోతుంది. నన్ను క్లబ్బులోంచి గెంటేస్తారు."

"అయితే చెప్పండి. మీరు అల్లిన ముగింపు వింటాను" అని వాడు కుర్చీలో వెనక్కి వాలాడు.

దాని స్థితి చూడండి. నిజం ముగింపు చెబితే చచ్చిందే, అసలు పుస్తకం వాళ్ళ దగ్గర ఉంటే సరిచూసుకుంటారు. కొత్తది చెప్పాలి. పుట్టి బుద్ధెరిగాక ఒక్క సొంత వాక్యం కలిపి ఎరగని మనిషి. 

"అతను తలుపు తీశాక లోపల ఒకావిడ ఉంటుంది" అని మొదలెట్టింది. "నేల తుడిచే ఆవిడ. రోజూ వచ్చి తుడిచి, యంత్రానికి కీ తిప్పి వెళ్తుంది. ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళు పోయారని ఆవిడకి తెలుసు. ఎందుకు తిప్పుతున్నావు అని కాపలాదారు అడుగుతాడు. మా అమ్మ తిప్పేది, నేనూ తిప్పుతున్నాను, ఆగిపోతే నన్నే అడుగుతారు కదా బాబూ అంటుంది.  ఆవిడ బకెట్టు బరువుగా ఉంటే అతను ఒక పక్క పట్టుకుని మెట్లు దింపుతాడు."

"తర్వాత?"

"అంతే."

 వాడు తెల్లకాగితం ఇచ్చి, చెప్పినదంతా రాసి, ఇది నా సొంత రచన, ఇంకెవరికీ సంబంధం లేదని కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టింది. "రచయిత్రి అన్నమాట మీరు. మంచిది. రచయితలకి బాధ్యత ఎక్కువ" అన్నాడు. తలుపు తీసి సాగనంపాడు.

నమ్మాడో లేదో ఎవరికి తెలుసు? ఆ రాత్రి మెట్లమీద ఎవరి అడుగు చప్పుడైనా ఇద్దరం ఊపిరి బిగపట్టాం. నేల తుడిచే ఆవిడ ఎవరో నేను అడగలేదు. అడిగితే నన్నే అనుకున్నానంటుందేమోనని భయం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మా భవనం నేల తుడిచేది కూడా నేనే మరి.

సోమవారం ప్రయోగశాలకి వెళ్తే, ఊరు తాగే నీళ్ళు నమ్మకస్తుల చేతుల్లోనే ఉండాలని చెప్పి, కింద గిడ్డంగిలో సీసాలు కడిగే పనికి పంపేశారు. చల్లటి నేల, రోజంతా నిలబడటం. తుంటి వాచిపోయి రాత్రుళ్ళు మూలిగేది. గోడ ఇవతల నుంచి వినేదాన్ని. గురువారం క్లబ్బు గదికి సీలు పడింది. గేన్రిఖ్‌ని మాత్రం ఎవరూ పిలవలేదు. "చూశావా పిన్నీ, పిలవలేదు" అని మంచం మీద పడుకునే నవ్వేది. కాలికి వేడినీళ్ళ సీసా పెడుతూ నేను పళ్ళు నూరేదాన్ని.

శనివారం సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. మే నెల, ఇంకా పట్టపగల్లా వెలుతురుంది. చేతిలో ఆ గుడ్డసంచి. నేనే కుళాయి తిప్పాను. బయటికి పొమ్మంటే పోయేదాన్ని కాదు, వాళ్ళూ అనలేదు. రిమ్మా అంతా చెప్పింది. ఆయన వింటూ వింటూ గోడకి ఆనుకున్నాడు.

"మీరు ఆ అసలు పుస్తకం ఎక్కడ దాచారో నాకు చెప్పకండి" అంది రిమ్మా. "కాల్చెయ్యండి. ఇవాళే."

"పుస్తకం లేదు" అన్నాడాయన.

"కాల్చేశారా?"

"లేనే లేదు. ఎప్పుడూ లేదు. పోలండ్ స్నేహితుడు కూడా లేడు. ఆ ముగింపు నేనే అల్లాను. ఆ ఆదివారం నడక అయిపోయింది, మీరు ట్రామెక్కడానికి వెళ్ళబోతున్నారు. ఇంకాసేపు ఉండాలంటే మీకు ఏదో ఒకటి చెప్పాలి కదా. అందుకని..." అని ఆగిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ పెద్దమనిషి, ఒక ఆడదాన్ని అరగంట ఆపడానికి అబద్ధం అల్లాడు. ఆ అబద్ధాన్ని కాపాడటానికి ఇది ఉద్యోగం పోగొట్టుకుంది, కాలు పోగొట్టుకుంటోంది. "ఇంకాసేపు ఉండు అంటే చాలదుటయ్యా? నోరు లేదా?" అన్నాను.

రిమ్మా నన్ను పట్టించుకోలేదు. ఆయన్నే చూస్తోంది. "నువ్వు అల్లావా?" అంది. పదేళ్ళలో అదే మొదటిసారి నువ్వు అనడం. "బాగుంది. నాకు నిజంగా అనుమానం రాలేదు."

ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. తర్వాత ఉన్నట్టుండి నిలబడి కోటు గుండీలు పెట్టుకున్నాడు. "వెళ్ళి చెప్పేస్తాను రిమ్మా. తర్జుమా నాది, ముగింపు నాది, ఆవిడకేమీ తెలియదు అని చెప్పేస్తాను. నిన్ను మళ్ళీ ప్రయోగశాలకి పంపుతారు. ఇప్పుడే వెళ్తాను." గుడ్డసంచి చంకలో పెట్టుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.

రిమ్మా కుర్చీ తోసేసి కుంటుకుంటూ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. నేనూ వెళ్ళాను. మా ఇంటి ముందు ట్రాము మలుపు. ఎడమకి తిరిగితే కొండ మీది కచేరీ. కుడికి తిరిగితే వంతెన, దాని అవతల ఆయన గది. ఆయన మలుపు దాకా వడివడిగా నడిచాడు. అక్కడ ఆగిపోయాడు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఒక ట్రాము వచ్చి వెళ్ళిపోయింది. ఇంకొకటి వచ్చింది. రిమ్మా నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగబడ్డాయి. 

ఆయన కుడికి తిరిగాడు. తల వంచుకుని వంతెన వైపు నడుచుకుంటూ పోయాడు.

"థూ! పిరికిపంద!" అన్నాను. ఆ కిటికీలోంచి చెప్పు విసరాలనిపించింది.

రిమ్మా నా చెయ్యి వదిలేసి, కిటికీ గట్టు పట్టుకుని నేలమీద కూలబడింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"అమ్మయ్య" అంది. "ఎడమకి తిరుగుతాడేమోనని నా ప్రాణం పోయింది పిన్నీ."